పురపాలక పటాలూ, లెక్కలూ – మన కర్తవ్యం

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా ఈ సభలో మనం విద్యార్థి వేతనాల గురించి, వితంతువుల సహాయం గురించి, వైద్య శిబిరాల గురించి చెప్పుకుంటాం. ఈసారి కార్యవర్గం వారు మాకు అప్పగించిన విషయం కొంచెం పొడిగా తోచవచ్చు. పురపాలక సంఘాలు తమ టౌన్ ప్లానింగ్ పనిని కాగితాల నుంచి కంప్యూటర్లలోకి మారుస్తున్నాయి. ఈ మార్పు సక్రమంగా జరగడానికి ఒక సంక్షేమ సంఘంగా మనం చేయగల సాయం ఏమిటి? ఇదీ ప్రశ్న.

“అది ఇంజనీర్ల పని, ఆఫీసర్ల పని, మధ్యలో మనకెందుకండీ?” అని కొందరు మిత్రులు అప్పుడే అడిగారు. ఆలోచించండి. ఇల్లు కట్టుకోవడానికి అనుమతి, మన సందు వెడల్పు, మురుగు కాలువ పోయే దారి, మన ఖబరస్తాన్ సరిహద్దు, పిల్లల బడికి కేటాయించిన జాగా ఇవన్నీ తేలేది ఆ ఆఫీసులోనే. మనమిచ్చే విద్యార్థి వేతనం ఒక పిల్లవాడికి ఒక సంవత్సరం ఉపయోగపడుతుంది. మాస్టర్ ప్లానులో గీసిన గీత ఒక పేటను ఇరవై, ముప్ఫై ఏళ్ళు నడిపిస్తుంది. కావున ఇది సంక్షేమానికి బయటి విషయం కాదని మా మనవి.

రాజ్యాంగ 74వ సవరణ 1992లో ఆమోదం పొంది 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దానితో చేరిన 12వ షెడ్యూలులో పురపాలక సంఘాలకు అప్పగించదగిన 18 అంశాలున్నాయి. అందులో మొట్టమొదటిది పట్టణ ప్రణాళిక. రెండవది భూమి వినియోగం, భవన నిర్మాణాల నియంత్రణ. పద్నాలుగవది ఖననాలు, శ్మశానాలు. అంటే బ్రతికున్నప్పుడు తలదాచుకునే ఇల్లూ, పోయిన తరువాత పడుకునే ఆరడుగుల జాగా కూడా పురపాలక సంఘపు లెక్కలోనివే అన్నమాట.

పటానికీ ప్రజల మేలుకూ ఉన్న సంబంధం మనకు కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచెత్తింది. వేలాది ప్రాణాలు పోయాయి. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించి వరదల నివారణకు పథకం వేయించారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు అలా వచ్చినవే. 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. అదే కాలంలో, 1912 – 1915 మధ్య, లియొనార్డ్ మున్ అనే ఇంజనీరు ఆధ్వర్యాన నగరాన్ని వీధి వీధినా కొలిచి పటాలు తయారు చేశారు. ఆ పటాలను నేటికీ చరిత్రకారులూ, పాత కట్టడాలను కాపాడాలనుకునేవారూ వెతుక్కుంటూ ఉంటారు. నగరాన్ని బాగుచేయాలంటే ముందు నగరంలో ఏముందో తెలియాలి. ఆ కాలం వారు గొలుసులతో కొలిచి తెలుసుకున్నారు. ఈ కాలంలో ఉపగ్రహ చిత్రాలతో, డ్రోన్లతో, ఫోన్లతో తెలుసుకుంటున్నారు. సాధనం మారింది గాని అవసరం మారలేదు.

మన తెలుగు నాట కంప్యూటర్ పాలనకు పాతికేళ్ళు దాటిన చరిత్ర ఉంది. 1998లో ‘కార్డ్’ అనే పేరుతో రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లో కంప్యూటర్లు ప్రవేశించాయి. 2001లో ఈసేవ, 2011లో మీసేవ వచ్చాయి. ఇళ్ళ ప్లాన్ల విషయంలో 2016 నుంచి ఆన్‌లైన్ అనుమతులు ఊపందుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న వార్డు సచివాలయాలు మొదలైనప్పుడు, ప్లానింగ్ పనికంటూ వార్డు స్థాయిలో ఒక కార్యదర్శిని నియమించారు. 2020లో తెలంగాణ శాసనసభ టీఎస్-బీపాస్ చట్టం చేసింది. దాని స్థానంలో 2025లో బిల్డ్‌నౌ అనే మరో ఆన్‌లైన్ వ్యవస్థను తీసుకువచ్చారు. పేర్లు మారుతూనే ఉంటాయి. దరఖాస్తు, పటం, లెక్క మూడూ యంత్రం చేతికి వెళ్ళడం మాత్రం వెనక్కు మళ్ళేది కాదు.

ఈ యంత్రం పని చేసే తీరు రెండు మాటల్లో చెబుతాము. ఇంజనీరు ఇంటి ప్లానును కాగితం మీద కాక కంప్యూటర్‌లో పొరలు పొరలుగా గీస్తాడు. స్థలం హద్దు ఒక పొర, గోడలు ఒక పొర, రోడ్డు ఒక పొర. యంత్రం ఆ పొరలను చదివి, చుట్టూ వదలవలసిన ఖాళీ వదిలారా, ఎత్తు మించిందా, ముందున్న రోడ్డు చాలినంత ఉందా అని నిబంధనలతో సరిచూస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్ 7న వచ్చిన 168వ నెంబరు జీవోలో ఈ లెక్కలన్నీ స్థలం విస్తీర్ణాన్ని బట్టి, రోడ్డు వెడల్పును బట్టి పట్టికలుగా ఉన్నాయి. తరువాత మార్పులు వచ్చినా లెక్కించే పద్ధతి అదే. పట్టికను సరిచూడడంలో యంత్రం మనిషి కంటే నేర్పరి. దానికి మొహమాటం లేదు, చాయ్ ఖర్చులు లేవు.

2020 చట్టం పేదవాడికి ఒక మేలు చేసింది. 75 చదరపు గజాల లోపు స్థలంలో, 7 మీటర్ల ఎత్తు మించకుండా కట్టుకునే ఇంటికి అనుమతే అక్కరలేదని, ఒక్క రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలునని చెప్పింది. 75 గజాలంటే సుమారు 63 చదరపు మీటర్లు. మన పాత పేటల్లో ఎక్కువగా కనిపించే ఇళ్ళు ఆ కొలత లోపువే. 500 చదరపు మీటర్ల వరకు, 10 మీటర్ల ఎత్తు వరకు యజమాని స్వయంగా ధ్రువీకరించి తక్షణ అనుమతి పొందే వీలు కల్పించింది. అంతకు మించిన వాటికి 21 రోజుల గడువు పెట్టింది.

వినడానికి బాగానే ఉంది. అయితే స్వయంగా ధ్రువీకరించడమంటే ఏమిటో మనవాళ్ళు గ్రహించాలి. ఇంతకు పూర్వం తప్పు జరిగితే ఆఫీసరు చూసి సంతకం చేశాడుగదా అనేవాళ్ళం. ఇప్పుడా సంతకం మనది. తెలియక తప్పు కొలత వ్రాసినా, మధ్యవర్తి మన పేరు మీద ఏదో నింపినా బాధ్యత మన మెడకే చుట్టుకుంటుంది. ధ్రువీకరణ తప్పని తేలితే జరిమానా ఉంది, కట్టినదానిని కూల్చే అధికారమూ ఉంది. తలుపు తెరిచినందుకు సంతోషిద్దాం గాని, గడప ఎంత ఎత్తుందో చూసుకుని అడుగు వేయాలి.

ఇక అసలు సంగతికి వస్తాము. యంత్రం తనంతట తాను న్యాయమూ చేయదు, అన్యాయమూ చేయదు. మనం దానిలో ఏది వ్రాసి ఉంచామో అదే తిరిగి చెబుతుంది. పాత రిజిస్టర్లలోని తప్పులు కంప్యూటర్‌లోకి ఎక్కితే అవి తప్పులుగా కనిపించవు, వేదవాక్కుల్లాగా కనిపిస్తాయి. మన సమాజానికి సంబంధించినంతవరకు మూడు చోట్ల ఈ ఇబ్బంది ఎక్కువ.

మొదటిది పేర్లు. ఒకే మనిషి పన్ను రసీదులో ‘షేక్ మస్తాన్’, దస్తావేజులో ‘ఎస్.కె. మస్తాన్ వలీ’, ఆధార్‌లో ‘షేఖ్ మస్తాన్‌వలి’, కరెంటు బిల్లులో ఇరవై ఏళ్ళ క్రితం పోయిన తండ్రి పేరు. ఉర్దూ పేరును ఒకరు తెలుగులో, మరొకరు ఇంగ్లీషులో చెవికి విన్నట్టు వ్రాసుకున్నారు. పాత గుమాస్తాకు మనిషి తెలుసు గనుక సర్దుకునేవాడు. యంత్రానికి మనిషి తెలియదు, అక్షరాలే తెలుసు. దాని దృష్టిలో వీరు నలుగురు వేర్వేరు మనుషులు.

రెండవది వారసత్వం. మనలో ఎన్నో ఇళ్ళు ఇంకా తాతగారి పేరునే ఉన్నాయి. షరియత్ ప్రకారం కూతుళ్ళకు, భార్యకు, తల్లికి వాటాలున్నాయి. వాటిని పంచి వ్రాయించక నాన్చుతాము. నోటిమాటగా హిబా చేసి, స్వాధీనం ఇచ్చి ఊరుకుంటాము. హిబా షరతులు నెరవేరితే ముస్లిం చట్టం ప్రకారం అది చెల్లుతుంది. కాగితం మీద వ్రాసుకున్నా దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. కోర్టులో చెల్లేదంతా కంప్యూటర్‌లో కనిపిస్తుందనుకోకండి. పురపాలక రికార్డులో పేరు మార్పిడి చేయించుకోకపోతే ప్లాను దరఖాస్తు దగ్గర ఆ ఇల్లు తాతగారిదే. ఈ నష్టం అందరికంటే ఎక్కువగా పడేది ఆడపడుచుల మీద. రికార్డులో పేరు లేని అక్కకు వాటా అడిగే ధైర్యం ఎక్కడిది?

మూడవది ఉమ్మడి స్థలాలు. ఖబరస్తాన్లు, ఈద్గాలు, అషూర్‌ఖానాలు, దర్గా ఆవరణలు, పాత బావులు. వీటిలో చాలా వాటి వివరాలు వక్ఫ్ గెజిట్లలో ఉన్నాయి. 2009లో మొదలైన వంసీ అనే కంప్యూటర్ జాబితాలోకీ ఎక్కాయి. 2025 జూన్ 6న ఉమీద్ అనే కొత్త పోర్టల్ ప్రారంభమయింది. అయితే వక్ఫ్ లెక్క వేరు, రెవెన్యూ లెక్క వేరు, మాస్టర్ ప్లాను వేరు. ఒక పుస్తకంలో ఉన్నది రెండవ పుస్తకంలో ఉంటుందన్న హామీ లేదు. ఉపగ్రహం నుంచి తీసిన బొమ్మలో పాత ఖబరస్తాన్ చెట్లు మొలచిన ఖాళీ జాగాలాగే కనిపిస్తుంది. ఎక్కడో కూర్చుని గీత గీసేవాడికి దాని మీదుగా రోడ్డు గీయాలనిపిస్తే అతనిది దురుద్దేశమని అనలేము. అతనికి చెప్పినవారు లేరు, అంతే. గీత గీసి, గెజిట్ అయి, బుల్‌డోజర్ వచ్చిన తరువాత ఊరేగింపులు తీస్తే అది చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకోవడమే.

ఇది మన దేశంలోని చిక్కు మాత్రమే కాదు. ఇంగ్లండులో పట్టణ ప్రణాళికకు పునాది వేసిన చట్టం 1947 నాటిది. 2002లోనే అక్కడ ప్లానింగ్ దరఖాస్తులకు ఆన్‌లైన్ పోర్టల్ వచ్చింది. అయినా కష్టం తీరలేదు. మూడువందలకు పైబడిన స్థానిక ప్లానింగ్ సంస్థలు ఎవరి పటం వారిది, ఎవరి పద్ధతి వారిదిగా పని చేస్తూ వచ్చాయి. దరఖాస్తు కంప్యూటర్‌లో వచ్చినా, దానిని సరిచూడవలసిన పాత పటాలు బీరువాల్లోనో, బొమ్మలుగా ఎక్కించిన కాగితాల్లోనో ఉండిపోయాయి. అందుచేత ప్రభుత్వం కౌన్సిళ్ళకు డబ్బిచ్చి, ముందు సమాచారాన్ని ఒకే పద్ధతిలో వ్రాయించే పని చేపట్టింది. కాపాడవలసిన ప్రాంతాలేవి, కొట్టకూడని చెట్లేవి, పాత కట్టడాలేవి అన్నది ఎవరైనా చూసుకునేలా ఒకచోట చేరుస్తున్నారు. 2023లో చేసిన చట్టంలో ఇట్టి సమాచారానికి ప్రమాణాలు విధించే అధికారం కూడా తీసుకున్నారు. అంత ధనవంతమైన దేశం కూడా చివరికి పునాదికే తిరిగి వచ్చింది. సాఫ్ట్‌వేర్ కొనడం తేలిక, సరైన లెక్క వ్రాసిపెట్టడం కష్టం.

లెక్క వ్రాయడం గురించి మనకు మన దీన్ కంటే గట్టిగా చెప్పినవారు ఎవరు? ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు బఖరా సూరాలోని 282వది. అది నమాజు గురించి కాదు, రోజా గురించి కాదు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు వ్రాసుకోవడం గురించి, వ్రాసేవాడు న్యాయంగా వ్రాయడం గురించి, సాక్షుల గురించి. మొత్తం చిన్నదైనా పెద్దదైనా వ్రాయడానికి విసుక్కోవద్దన్నది దాని బోధ. ఇద్దరి మధ్య అప్పుకే ఇంత జాగ్రత్త అయితే, వేలమంది బ్రతుకులు ముడిపడిన పేట లెక్కకు ఇంకెంత జాగ్రత్త ఉండాలి?

అయితే మనం చేయవలసిందేమిటి? కార్యవర్గం ముందు మేము అయిదు పనులు ఉంచుతున్నాము.

ఒకటి, వారానికి రెండు సాయంత్రాలు సంఘం కార్యాలయంలో ఒక బల్ల, ఒక కంప్యూటర్, ఇద్దరు చదువుకున్న యువకులు. ఇంటి పన్ను నెంబరు, పేరు మార్పిడి, ప్లాను నమోదు విషయంలో వచ్చినవారికి ఉచితంగా సహాయం. వారు చదివి వినిపించి, అర్థమయ్యాక మాత్రమే నింపాలి. ఎవరి ఓటీపీ వారే చెప్పాలి గాని, మనవాళ్ళు అడిగి దాచుకోకూడదు. స్త్రీల కోసం ఒక సాయంత్రం చదువుకున్న మన ఆడపిల్లలే కూర్చోవాలి.

రెండు, కుటుంబాల కాగితాలు సరిచేయడం. ఒక పేరు, ఒకే వ్రాత. దస్తావేజు, పన్ను రసీదు, ఆధార్ మూడూ ఎదురెదురుగా పెట్టి తేడా ఉన్నచోట సవరణ దరఖాస్తు పెట్టించాలి. వారసత్వపు ఇళ్ళలో ఆడపడుచుల వాటా వదిలిపెట్టి పేరు మార్పిడి కోరేవారికి మన సంఘం సాయం చేయకూడదని తీర్మానం చేయాలని మా కోరిక.

మూడు, పేట జాబితా. ఖబరస్తాన్, మసీదు, బడి, బావి, కాలువ, వర్షానికి నీళ్ళు నిలిచే మలుపు, మంటల బండి దూరలేని సందు అన్నిటినీ నడిచి చూసి వ్రాయాలి. గుడి, చర్చి, అంగన్‌వాడీ, హిందువుల శ్మశానం కూడా ఆ జాబితాలో ఉండాలి. పేట అందరిది. పురపాలక సంఘం ముందు మనం ఒక మతం పక్షాన కాక, ఒక పేట పక్షాన నిలబడితే మన మాటకు బరువుంటుంది. సందు వెడల్పు టేపుతో కొలిచి మీటర్లలోనూ అడుగుల్లోనూ వ్రాయాలి. ముప్ఫై అడుగులంటే 9 మీటర్లకు కొంచెం పైన. ఆ కొంచెం దగ్గరే తగాదాలు పుడతాయి. స్థానం కోసం ఫోను వాడవచ్చు గాని, ఫోను చెప్పేదానికి ఆరుబయటే కొద్ది మీటర్ల తేడా ఉంటుంది, ఇరుకు సందుల్లో మరీ ఎక్కువ. కావున ఫలానా చోట ఖబరస్తాన్ ఉందని చెప్పడానికి ఫోను చాలు. దాని హద్దు తేల్చడానికి మాత్రం సర్వేయరే రావాలి. ముతవల్లులు ఈ రెంటినీ కలపకుండా ఉండాలి.

నాలుగు, ముసాయిదాల మీద కన్ను. 2015లో మొదలైన అమృత్ పథకం కింద 500 పట్టణాలకు ఉపగ్రహ చిత్రాల ఆధారంగా మాస్టర్ ప్లాన్లు తయారు చేసే పని తలపెట్టారు. మాస్టర్ ప్లాను ఖరారు కాకముందు ముసాయిదా ప్రకటించి, గడువు పెట్టి, అభ్యంతరాలు తీసుకుంటారు. ఆ గడువులో వెళ్ళిన ఒక్క కాగితం, గడువు దాటాక వెళ్ళిన వంద కాగితాల పెట్టు. మన జాబితా సిద్ధంగా ఉంటే ముసాయిదా వచ్చిన వారంలోనే దానిని పక్కన పెట్టి సరిచూడవచ్చు. పటం కనబడని చోట 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల దరఖాస్తుతో అడగవచ్చు.

అయిదు, పురపాలక సంఘాన్ని మనం కోరవలసినవి. వార్డు పటం ఆఫీసు గోడ మీద అందరికీ కనబడాలి. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం తెలుగులో వ్రాయాలి. తెలంగాణలో 2017లోను, ఆంధ్రప్రదేశ్‌లో 2022లోను ఉర్దూకు రాష్ట్రమంతటా రెండవ అధికార భాష హోదా ఇస్తూ చట్టాలు చేశారు. మరి ఫారాలు ఉర్దూలోనూ ఎందుకుండరాదు? ఫోను లేని ముసలివారి కోసం ఒక కిటికీ తెరిచే ఉంచాలి. ఆన్‌లైన్ అనే మాట అడ్డం పెట్టుకుని మనిషిని గడప దగ్గరే ఆపడం ఆధునికత కాదు.

ఒక జాగ్రత్త చెప్పి ముగిస్తాము. మనం సేకరించే జాబితా స్థలాల గురించే గాని మనుషుల గురించి కాదు. ఎవరింట్లో ఎందరున్నారు, ఎవరి ఆదాయమెంత, ఎవరు అద్దెకున్నారు ఇవి మన పుస్తకంలోకి రానవసరం లేదు. సహాయం కోసం వచ్చినవారి కాగితాల నకళ్ళు పని కాగానే వారికే తిరిగి ఇచ్చివేయాలి. నమ్మి ఇచ్చిన కాగితం అమానతు. దానిని కాపాడడం కూడా ఇబాదతే.

ఆఫీసర్లను తిట్టడం సులభం, వారికి సరైన సమాచారం చేతికివ్వడం కష్టం. ఒక టౌన్ ప్లానింగ్ అధికారి ఎన్నో వార్డులు చూడాలి. అతనికి మన సందు పేరు కూడా తెలియకపోవచ్చు. మనం కొలిచి, సంతకాలు చేసి, తేదీ వేసి ఇచ్చిన జాబితా అతనికి బరువు కాదు, చేదోడు. లెక్క సరిగా ఉంటే మంచి ఆఫీసరుకు మేలు చేసే వీలు కలుగుతుంది. చెడ్డవాడికి సాకు దొరకదు.

వచ్చే రంజాన్ లోపల మూడు వీధుల జాబితా అయినా పూర్తి కావాలని, అందుకు పదిమంది యువకులు, పదిమంది యువతులు ఈ సభ ముగియగానే తమ పేర్లు కార్యదర్శి గారికి ఇవ్వాలని కోరుతున్నాము. టేపు, పుస్తకం, పెన్ను సంఘం ఇస్తుంది. నడవడానికి కాళ్ళు మీవి.

అల్లాహ్ మన ప్రయత్నాన్ని స్వీకరించుగాక. ఆమీన్. శెలవు.